ఆఫర్ లెటర్ ఇచ్చిన కంపెనీ అసలు ఎవరిది?

2025 మే 15న పౌర విమానయాన భద్రతా బ్యూరో ఒక చిన్న ఉత్తర్వు ఇచ్చింది. తుర్కియేకు చెందిన సెలెబి గ్రూపు ఇక్కడ నడుపుతున్న సెలెబి ఎయిర్‌పోర్ట్ సర్వీసెస్ ఇండియాకు ఇచ్చిన సెక్యూరిటీ క్లియరెన్స్‌ను జాతీయ భద్రత దృష్ట్యా తక్షణం రద్దు చేస్తున్నట్టు అందులో ఉంది. హైదరాబాద్, చెన్నై, బెంగళూరు, ఢిల్లీ, ముంబయి సహా తొమ్మిది విమానాశ్రయాల్లో పనిచేస్తున్న సంస్థ అది. క్లియరెన్స్ పోతే ఆ సంస్థ తరఫున ఎవరూ రన్‌వే వైపు అడుగు పెట్టలేరు. ఆ ఒక్క కంపెనీలోనే 3,791 ఉద్యోగాలు ప్రమాదంలో పడ్డాయని సెలెబి తన పిటిషన్‌లో చెప్పుకుంది.

ఆ ఉద్యోగుల్లో ఎక్కువమంది మనవాళ్లే. డిగ్రీయో డిప్లొమానో చేసి, ఇంటర్వ్యూ పాసై, ఎయిర్‌పోర్టు పాస్ మెడలో వేసుకుని డ్యూటీకి వెళ్తున్నవాళ్లు. వాళ్లు చేసిన తప్పేమీ లేదు. ఢిల్లీ విమానాశ్రయ సంస్థ మాత్రం వాళ్లను అవే షరతులతో కొత్త సంస్థలకు మారుస్తామని ప్రకటించింది. సరే, మీరు రేపు ఇలాంటి కంపెనీలో చేరబోతుంటే? లేదా గ్రూప్ డిస్కషన్‌లో ఇదే టాపిక్ వస్తే?

ముందు గ్రౌండ్ హ్యాండ్లింగ్ అంటే ఏంటో చూద్దాం. బ్యాగులు ఎక్కించడం, కార్గో సర్దడం, విమానాన్ని ట్రాక్టర్‌తో వెనక్కి నెట్టడం, ప్రయాణికులను బోర్డింగ్‌కు పంపడం... వినడానికి మామూలు పనులే. కానీ విమానం పొట్ట దాకా చేయి వెళ్లేది వీళ్లదే. ఏ విమానం ఎప్పుడు వస్తోంది, అందులో ఏం సరకుంది, ఎవరు ఎక్కుతున్నారు అన్నది వీళ్లకు తెలుస్తుంది. ప్రభుత్వం భయం అక్కడ. ఆపరేషన్ సిందూర్ సమయంలో తుర్కియే పాకిస్థాన్‌కు మద్దతుగా నిలిచింది, ఆ వెంటనే ఈ నిర్ణయం వచ్చింది. తమ సంస్థలో 65 శాతం వాటా అంతర్జాతీయ ఇన్వెస్టర్లదేనని సెలెబి వాదించింది.

ఇక్కడే చాలామంది తప్పులో కాలేస్తారు. 'విదేశీ కంపెనీల మీద నిషేధం' అని గంపగుత్తగా ఒకే చట్టం ఉందనుకుంటారు. అలాంటిదేం లేదు. వేర్వేరు తలుపులకు వేర్వేరు తాళాలున్నాయి. 2020 ఏప్రిల్‌లో వచ్చిన ప్రెస్ నోట్ 3 పెట్టుబడి గురించి: మనతో భూ సరిహద్దు ఉన్న దేశాల నుంచి వచ్చే పెట్టుబడికి ప్రభుత్వ అనుమతి కావాలంది. అదే ఏడాది జులైలో ప్రభుత్వ ఆర్థిక నియమాల్లోని 144వ నియమాన్ని సవరించారు, అది టెండర్ల గురించి: ఆ దేశాల బిడ్డర్లు ముందుగా రిజిస్టర్ చేసుకోవాలి, విదేశాంగ, హోం శాఖల క్లియరెన్స్ తెచ్చుకోవాలి. తుర్కియేకు మనతో సరిహద్దే లేదు కదా! కాబట్టి సెలెబి కేసుకు ఈ రెండూ వర్తించవు. అక్కడ వాడింది విమాన భద్రతా నిబంధనల కింద ఉండే సెక్యూరిటీ క్లియరెన్స్ అనే తాళం. ప్యానెల్ ముందు ఈ తేడా చెప్పగలిగితే మీరు పేపర్ హెడ్‌లైన్ దాటి చదివారని వాళ్లకు అర్థమవుతుంది. ఒక మాట, ఈ నిబంధనలను ఎప్పటికప్పుడు సవరిస్తుంటారు. ఇంటర్వ్యూకి వెళ్లేముందు తాజా పరిస్థితి ఒకసారి చూసుకోండి.

టెలికం తాళం ఇంకో రకం. 2020 డిసెంబరులో కేంద్ర కేబినెట్ టెలికం రంగానికి జాతీయ భద్రతా ఆదేశాన్ని ఆమోదించింది, 2021 జూన్ 15 నుంచి అమల్లోకి వచ్చింది. అప్పట్నుంచి ఏ ఆపరేటరైనా కొత్తగా నెట్‌వర్క్‌లో పెట్టే పరికరం 'విశ్వసనీయ వనరు' నుంచే కొనాలి. ఎవరు విశ్వసనీయులో తేల్చేది జాతీయ సైబర్ భద్రతా సమన్వయకర్త. డిప్యూటీ జాతీయ భద్రతా సలహాదారు నేతృత్వంలోని కమిటీ ఆమోదం ఉండాలి. ఇందులో తమాషా ఏంటంటే, ఏ దేశాన్నీ వేలెత్తి చూపలేదు. అయినా ఎవరిని ఉద్దేశించిందో అందరికీ తెలుసు. బ్రిటన్ మాత్రం 2020 జులైలో పేరు పెట్టే చెప్పింది, హువావే పరికరాలను 5జీ నెట్‌వర్క్ నుంచి 2027 ఆఖరుకల్లా పీకేయాలని.

ఇలా ఒక తలుపు మూసుకుంటే ఉద్యోగాలు పోతాయా, వస్తాయా? రెండూ జరుగుతాయి. బీఎస్‌ఎన్‌ఎల్ 4జీనే చూడండి. టీసీఎస్, తేజస్ నెట్‌వర్క్స్, సీ-డాట్ కలిసి స్వదేశీ పరికరాలతో కట్టిన నెట్‌వర్క్ అది. 2025 సెప్టెంబరు 27న ప్రారంభించిన టవర్లు 97,500 పైమాటే. రేడియో ఇంజినీర్లు, టెస్టింగ్ వాళ్లు, ఎంబెడెడ్ కోడింగ్ చేసేవాళ్లు లేకుండా ఇంత పని అవుతుందా? ఈసీఈ చదివి 'కోర్‌లో ఉద్యోగాల్లేవు' అని నిట్టూర్చే పిల్లలు ఇటువైపు ఒక చూపు చూడాలి. బెంగళూరులోని జాతీయ కమ్యూనికేషన్ భద్రతా కేంద్రం రౌటర్ల నుంచి 5జీ కోర్ దాకా భద్రతా ప్రమాణాలు రాస్తోంది. ఆ పరీక్షలు చేయడానికి ప్రైవేటు ల్యాబులకూ గుర్తింపు ఇస్తోంది. సీసీ కెమెరాలదీ అదే వరస. 2025 ఏప్రిల్ నుంచి భద్రతా పరీక్ష పాసవని కెమెరాను మార్కెట్లోకి వదలకూడదు. పరీక్షించే ఎస్‌టీక్యూసీకి హైదరాబాద్‌లోనూ కేంద్రం ఉంది.

ఈఈఈ వాళ్లకు ఇంకా మంచి అవకాశం ఉంది, వాళ్లే గమనించట్లేదు. దిగుమతి చేసుకునే విద్యుత్ పరికరాల్లో మాల్‌వేర్ దాగుందేమో పరీక్షించాలని 2020 జులైలో విద్యుత్ శాఖ ఆదేశించింది. సైబర్ సెక్యూరిటీ అనగానే అందరూ వెబ్‌సైట్ హ్యాకింగ్ కోర్సులకే పరిగెత్తుతారు. సబ్‌స్టేషన్‌లో రిలే ఏం చేస్తుందో, స్కాడాకు అది ఏం సంకేతం పంపుతుందో తెలిసినవాళ్లు ఎంతమంది? మీరు ఆ సబ్జెక్టు ఎలాగూ చదివారు. దానికి మాడ్‌బస్, ఐఈసీ 61850 లాంటి ప్రొటోకాల్స్, ఐఈసీ 62443 ప్రమాణం గురించి ప్రాథమిక అవగాహన జోడిస్తే చాలు, సీఎస్‌ఈ వాళ్లు పోటీకి రాలేని చోట మీరు నిలబడతారు.

బ్యాంకుల వైపు వెళ్లేవాళ్లకు ఒక్క విషయం. ఐటీ చట్టం 70వ సెక్షన్ కింద ఏదైనా కంప్యూటర్ వ్యవస్థను 'రక్షిత వ్యవస్థ'గా ప్రకటిస్తే, అందులోకి అనుమతి లేకుండా చొరబడినవారికి పదేళ్ల దాకా జైలు. 2022 జూన్‌లో హెచ్‌డీఎఫ్‌సీ, ఐసీఐసీఐ బ్యాంకులు, ఎన్‌పీసీఐ వ్యవస్థలకు ఆ హోదా ఇచ్చారు.

మళ్లీ సెలెబి దగ్గరికి వద్దాం, కథలో అసలు చిక్కు కోర్టులో ఉంది. నోటీసు ఇవ్వకుండా, కారణం చెప్పకుండా రద్దు చేయడం సహజ న్యాయానికి విరుద్ధమని కంపెనీ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. ప్రభుత్వం కారణాలను సీల్డ్ కవర్‌లో న్యాయమూర్తికి ఇచ్చింది. 2025 జులై 7న పిటిషన్ కొట్టేశారు. దీనికి పాత దారి ఉంది: దేశ భద్రత ప్రశ్న వచ్చినప్పుడు ముందస్తు నోటీసు తప్పనిసరి కాదని 2014లో సుప్రీంకోర్టు ఎక్స్-ఆర్మీమెన్ కేసులో చెప్పింది. అదీ విమానాశ్రయంలో గ్రౌండ్ హ్యాండ్లింగ్ సంస్థ కేసే! అయితే 2023 ఏప్రిల్‌లో మీడియావన్ చానల్ తీర్పులో అదే సుప్రీంకోర్టు, భద్రత పేరు చెప్పి ఊరికే హక్కులు లాక్కోలేరని, సీల్డ్ కవర్ పద్ధతి సరికాదని గట్టిగానే అంది. గ్రూప్ డిస్కషన్‌లో 'దేశమే ముఖ్యం' అని ఒకరు, 'పెట్టుబడులు పారిపోతాయి' అని ఇంకొకరు అరుచుకుంటారు. ఈ రెండు తీర్పులనూ పక్కపక్కన పెట్టి మాట్లాడేవాళ్లే సెలెక్టర్లకు గుర్తుంటారు. నన్నడిగితే, ప్రభుత్వానికి ఈ అధికారం ఉండాల్సిందే. కానీ కారణం బయటికి చెప్పనప్పుడు, రోడ్డున పడే ఉద్యోగి పేరు మీద ఒక్క వాక్యమైనా ఆ ఉత్తర్వులోనే ఉండాలి. విమానాశ్రయాల దయకు వదిలేయకూడదు.

అమెరికా వెళ్లేవాళ్లు కూడా ఇది పట్టించుకోవాలి. మనవాళ్లు గుంపులుగా ఉండే టెక్సస్‌లో 2021లో ఒక చట్టం చేశారు. చైనా, ఇరాన్, ఉత్తర కొరియా, రష్యా యాజమాన్యంలోని కంపెనీలకు కరెంటు గ్రిడ్, నీటి శుద్ధి, సైబర్ వ్యవస్థల వంటి కీలక సదుపాయాల్లోకి ప్రవేశమిచ్చే ఒప్పందాలు చేసుకోకూడదని. చైనా మాజీ సైనికాధికారి ఒకరు వైమానిక స్థావరం దగ్గర్లో భూమి కొని విండ్ ఫామ్ పెట్టబోవడం దీనికి దారితీసింది. భారతీయుల మీద ఆంక్ష లేదు. కానీ మీరు చేరే కంపెనీ వెనక ఎవరున్నారన్నది అక్కడా ముఖ్యమే.

అది తెలుసుకోవడం కష్టమేం కాదు. కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో కంపెనీ వివరాలుంటాయి, కొద్దిపాటి ఫీజు కడితే దాఖలు చేసిన పత్రాలూ చూడొచ్చు. పైన కనిపించే పేరు దగ్గరే ఆగకండి. సింగపూర్‌లో ఒక సంస్థ, దానికి మారిషస్‌లో ఇంకో సంస్థ, ఇలా ఉల్లిపాయ పొరల్లా ఉండొచ్చు. పదిశాతం, అంతకుమించి అసలు లబ్ధి పొందే వ్యక్తి ఎవరో కంపెనీ ప్రకటించాలని చట్టమే చెబుతోంది. విమానాశ్రయం, విద్యుత్, టెలికం, పోర్టు ఉద్యోగమైతే హెచ్‌ఆర్‌ను మర్యాదగా అడగండి: 'క్లయింట్‌తో ఒప్పందం ఆగిపోతే మమ్మల్ని ఎక్కడికి మారుస్తారండీ?' అడిగితే ఆఫర్ పోతుందేమోనని భయపడక్కర్లేదు, నోటీసు పీరియడ్ గురించి అడిగినట్టే ఇదీ.

ఇక మీ వైపు పని ఒకటుంది. ఈ ఉద్యోగాలన్నింటికీ పోలీస్ వెరిఫికేషన్, గత చరిత్ర తనిఖీ ఉంటాయి. మనవాళ్లకు ఎక్కువగా ఇబ్బంది వచ్చేది ఇంటిపేరు దగ్గర. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు, ఆధార్‌లో వెనక, పాస్‌పోర్టులో పూర్తిగా, పాన్‌లో ఒక్క అక్షరం. ఆఫర్ వచ్చాక పరుగులు పెట్టేకన్నా, ఈ సెలవుల్లోనే అవన్నీ ఒకేలా దిద్దించుకోండి.