ఆటబొమ్మ డ్రమ్ముపై తాళాభ్యాసము

బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతములకు చేరువ నున్న కూచిపూడి గ్రామమున నాట్యమునకు మృదంగము ప్రాణము వంటిది. వ్రేలు తగిలినంతనే చర్మము కంపించును. ఆ కంపనములే గాలిలో సాగి ధ్వనిగా మన చెవిని చేరును. కాని కొట్టినను తనంతట తాను పలుకని డ్రమ్ము కూడ ఒకటి కలదు. అదియే వీడియో గేము డ్రమ్ము.

2007 లో 'రాక్ బ్యాండ్', 2008 లో 'గిటార్ హీరో వరల్డ్ టూర్' అను ఆటలతో ఇట్టి డ్రమ్ములు అమెరికాలో వెలువడినవి. మొదటిదానికి నాలుగు పలకలు, ఒక కాలి పెడలు ఉండును. ఆటలపై మోజు తగ్గిన పిదప ఇవి అనేక గృహములలో మూలబడినవి. వీనిని కంప్యూటరునకు కలిపి వాద్యముగా వాడుకొనవచ్చును.

అది యెట్లు సాధ్యము? కొన్ని స్ఫటికములను నొక్కినచో వానిపై విద్యుదావేశ మేర్పడునని 1880 లో క్యూరీ సోదరులు కనుగొనిరి. ఈ గుణముగల పీజో బిళ్ల పలక క్రింద ఉండును. కర్ర తగులగనే బిళ్ల అదరి విద్యుత్ స్పందనము నిచ్చును. దెబ్బ గట్టిదైనకొలది వోల్టేజి హెచ్చును. అయితే కొన్ని తొలి నమూనాలు దెబ్బ పడినదా, లేదా అనునంతవరకే తెలుపును.

యు.ఎస్.బి. తీగ తగిలించినప్పుడు కంప్యూటరు ఈ డ్రమ్మును సాధారణమైన ఆటమీటగానే గుర్తించును. 'ఫలానా మీట నొక్కబడినది' అను వార్తను ఒక ప్రోగ్రాము 'మిడి' భాషలోనికి మార్చును. మిడి అనగా వాద్యములును, కంప్యూటర్లును పరస్పరము సంకేతములు పంపుకొనుటకు 1983 లో ఏర్పడిన ఉమ్మడి విధానము. అమెరికాకు చెందిన డేవ్ స్మిత్, జపానుకు చెందిన ఇకుతారో కకెహాషి దీనికి మూలపురుషులు.

ఒక్కొక్క దెబ్బకు మిడి మూడు సంఖ్యలను పంపును. మొదటిది ధ్వని ఆరంభమును, రెండవది ఏ ధ్వనియో, మూడవది దెబ్బ బలమును తెలుపును. బలము 127 వరకు ఉండవచ్చును. సాధారణముగా 36 పెద్ద డ్రమ్మునకు, 38 స్నేర్ డ్రమ్మునకు గుర్తు. మిడి తీగలో సెకనుకు 31,250 బిట్లు పోవును. ఒక్కొక్క సంఖ్యకు 10 బిట్లు కాగా మూడింటికి 30 బిట్లు. అనగా దాదాపు 1 మిల్లీసెకను. కంప్యూటరు ధ్వనిని సిద్ధము చేయుటకు మరికొన్ని మిల్లీసెకనులు పట్టును. ఆలస్యము 10 మిల్లీసెకనులైనచో, వాద్యము సుమారు మూడున్నర మీటర్ల దూరమున మ్రోగినట్లుండును. ఇంకను పెరిగినచో వాయించువాని చేయి తడబడును.

మృదంగ విద్యార్థి 'త, ధి, తొం, నం' అను పాఠముతో ఆరంభించును. నాలుగు పలకలకు ఈ నాలుగు దెబ్బల ధ్వనులను కేటాయించి తాళమును సాధన చేయవచ్చును. ప్రతి దెబ్బయు పడిన కాలము నమోదగును గనుక, లయ ఎచ్చట తప్పినదో తెరపై కనబడును.

అయినను ఇది మృదంగమునకు బదులు కాజాలదు. కుడి మూతపై నున్న కరణ వలన మృదంగమునకు శ్రుతిబద్ధమైన ఉపస్వరములు కలుగునని సి.వి. రామన్ తన సహచరునితో కలిసి 1920 లో ప్రకటించెను. వ్రేలు కరణపై పడినదా, అంచుపై పడినదా, అరచేయి చర్మమును అదిమినదా అనుదానిని బట్టి నాదము మారును. ఈ భేదములను ఆటడ్రమ్ము ఎరుగదు; ఎచ్చట తగిలినను దానికి ఒకే పలక. కాలప్రమాణమును దానిపై దిద్దుకొనవచ్చును. నాదమును మాత్రము గురువు చెంత, చర్మముపైననే నేర్వవలెను.