వంటగట్టుకు పలకరాయి: ఎందుకు? ఎలా?

మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల్లో వంటగట్టు పగిలినప్పుడు కొత్త గ్రానైట్ బండ కొనకుండానే, కోతలో మిగిలిన పలకరాతి ముక్కలతో తక్కువ ఖర్చులో బాగుచేసుకోవచ్చు. భూగర్భ శాస్త్రజ్ఞులు కంభం పొరలని పిలిచే రాతివరుసలకు చెందిన ఈ రాయి వంద కోట్ల ఏళ్లకు పూర్వం నీటి అడుగున పేరుకున్న మెత్తని బురద. భూమిలోని ఒత్తిడికీ వేడికీ అందులోని బంకమట్టి రేణువులు అభ్రకం వంటి పలుచని రేకులుగా మారి, ఒకే దిశలో సర్దుకున్నాయి కనుక, ఉలి ఆనించి కొడితే అది చదునైన పలకలుగా విడిపోతుంది, రంధ్రాలు తక్కువ కావడంతో నీటిని అంతగా పీల్చదు.

అతికించే ముందు వదులైన పాత గచ్చును తీసి, ముక్క వెనుక దుమ్మును కడిగి, గట్టును బాగా తడపాలి. లేకుంటే పొడి గట్టు సిమెంటులోని నీటిని లాగేస్తుంది. సిమెంటు ఆరడం వల్ల కాక, నీటితో రసాయనికంగా కలవడం వల్ల గట్టిపడుతుంది. ఈ చర్యను ఆర్ద్రీకరణం అంటారు. అందుకే ఒక పాలు సిమెంటు, మూడు పాళ్ల ఇసుకతో ముక్కను అతికించి, సందులు నింపాక, వారం రోజులు తడి గోనెపట్టా కప్పి ఉంచాలి. ఈ ప్రాంతపు ఎండల్లో ఈ ఓపికే అన్నిటికన్నా ముఖ్యం. ముక్కను కోయడం మాత్రం పెద్దల పని, అదీ నీళ్లు పోస్తూ చేయాలి, ఎందుకంటే పలకరాతి ధూళిలోని సిలికా ఊపిరితిత్తులను శాశ్వతంగా దెబ్బతీయగలదు.