మిషను బడిలో 'తప్పు' అంటే ఏమిటి?

మిషను బళ్ల గురించి మన దగ్గర రెండు మాటలు వినబడతాయి. పాదిరీలు లేకపోతే మనకు అక్షరం ముక్క వచ్చేది కాదన్నది ఒకటి. మతం మార్చడానికే బడి పెట్టిండ్రన్నది రెండోది. రెండూ సగం మాటలే. ఆ బళ్లలో దేన్ని తప్పన్నారు, ఎవరి తప్పుకు ఎవరు శిక్ష వేశారు అని అడిగితేగాని అసలు సంగతి తేలదు. రామగుండం, గోదావరిఖని బొగ్గుబావుల బస్తీల్లో ఈ ప్రశ్నకు ఇప్పటికీ కొలువుతో ముడి ఉంది. ఈ బస్తీలు 1960 తర్వాత పెరిగినవి. మిషను బడి చరిత్ర అంతకు నూరేళ్ల ముందే కోస్తాలో మొదలైంది. అందుకే అక్కడి నుంచి వస్తాం.

1843లో రాబర్ట్ నోబుల్ బందరులో బడి పెట్టాడు. పై కులాలను క్రైస్తవంలోకి తెస్తే కింది కులాలు వాటంతటవే వస్తాయన్నది ఆయన లెక్క. అందుకని మాల, మాదిగ, పాకీ పిల్లలను ఆ బడిలో చేర్చుకోలేదు. 1852లో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం తీసుకోగానే పెద్ద కులాలవాళ్లు పిల్లలను మాన్పించారు. అంటే మిషను క్రమశిక్షణ నచ్చకపోతే బడినే శిక్షించే బలం వాళ్లకుంది.

ఒంగోలులో కథ వేరే. 1866లో అక్కడికి వచ్చిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బడికి మొదట బ్రాహ్మణ పిల్లలు వచ్చారు. ఎర్రగుంట్ల పేరయ్యతో మొదలై మాదిగలు సంఘంలో చేరుతుంటే, వాళ్లను తీసుకుంటే మా పిల్లలను మాన్పిస్తామని పెద్దలు బెదిరించారు. క్లౌ మాదిగలనే ఎంచుకున్నాడు. వాళ్లకు మూడు కట్టడులు పెట్టాడు: ఆదివారం పని చేయొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు.

పైకి ఇవి మతం నియమాలే. కానీ ఊరి వెట్టి మీద ఇవెట్లా పడ్డాయో చూడాలి. కరణం, మునసబు కబురు పెడితే ఏ రోజైనా పోవలసిన మనిషి, 'ఈ రోజు రాను' అనడానికి మొదటిసారి ఒక కారణం దొరికింది. చచ్చిన గొడ్డును ఈడ్చడం, దాన్ని తినడం కూడా వెట్టిలో భాగమే గనుక, తిననన్న మాట ఊరి కట్టుబాటునే కదిలించింది. అందుకే కొత్తగా చేరినవాళ్ల మీద దౌర్జన్యాలు జరిగాయి.

మూడో కట్టడి దగ్గర చిక్కు వచ్చింది. అమ్మవారి జాతరలో డప్పు కొట్టడం వెట్టి కూడా, మాదిగల విద్య కూడా. మిషను ఈ రెంటినీ విడదీసి చూడలేదు. కొడితే సంఘంలో తప్పు, కొట్టకపోతే ఊళ్లో తప్పు. బడికి పోయే పిల్లవాడు ఈ రెండు తప్పుల నడుమ పెరిగాడు. సంకెల తెగింది నిజమే. తాత చేతిలోని విద్య కూడా దాంతోపాటు పాపం లెక్కలో పడింది.

1895లో వినుకొండలో పుట్టిన గుర్రం జాషువా జీవితంలో ఇదంతా కనిపిస్తుంది. బడిలో కులం పేరుతో హేళన చేసిన పిల్లల మీద ఆయన తిరగబడ్డాడు. హేళన చేసినవాడిది అలవాటు, తిరగబడ్డవాడిది దుడుకు. బడి తీర్పు ఎప్పుడూ ఇట్లాగే ఉంటుంది. తర్వాత మిషను బడిలో నెలకు మూడు రూపాయల జీతానికి పంతులుగా చేశాడు. పురాణ కవిత్వం మీద మక్కువ పెంచుకుంటే హిందువుగా బతుకుతున్నాడని క్రైస్తవ పెద్దలు వెలివేశారు. బయట హిందువులకు మాత్రం ఆయన అంటరానివాడే.

ఇప్పుడు బొగ్గుబావుల దగ్గరికి వద్దాం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులం హోదా హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. మన దగ్గర దళిత క్రైస్తవులది 1 శాతం కోటా ఉన్న బి.సి.-సి గ్రూపు. బాప్తిస్మం తీసుకుని క్రైస్తవంలో కొనసాగుతున్న పుదుచ్చేరి మహిళకు ఎస్.సి. సర్టిఫికెట్ ఇవ్వనక్కరలేదని 2024 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. సింగరేణి కొలువుకు దరఖాస్తు పెట్టే పిల్లవాడికి ఇది పుస్తకంలోని సంగతి కాదు. ఆనాడు అమ్మవారికి మొక్కావా అని సంఘం ఆరా తీసింది. ఈనాడు చర్చికి పోతున్నావా అని సర్కారు ఆరా తీస్తోంది. మతం మారినా వాడలోనే ఉన్నావు గదా, కులం ఎక్కడికి పోయిందని మాత్రం ఇద్దరూ అడగరు.

కాబట్టి ఉపాధ్యాయ, విద్యార్థి మిత్రులకు ఒక మాట. మీ వాడలో బోర్డింగుల్లో చదివిన పెద్దలుంటే, ఏం చదివారనే కాదు, దేనికి దెబ్బలు తిన్నారో కూడా అడిగి రాయండి. బడి రిజిస్టరులో వాళ్ల కులం, మతం ఎవరు చెబితే ఎట్లా రాశారో కూడా కనుక్కోండి.