చిడతలు: వాదనక్రమము

భరతముని వాద్యములను తతము, అవనద్ధము, ఘనము, సుషిరము అని నాలుగు తెఱఁగులుగా విభజించెను. హరిదాసులును భజనపరులును వాయించు చిడతలు వీనిలో ఘనవర్గమునఁ జేరును. ఘనమనఁగానే కంచుతాళము స్ఫురించును గాని చిడత కొయ్య. అందుఁ బొదిగిన రేకుబిళ్ళలను జూచి లోహవాద్యమనుట సరికాదు. దెబ్బ కొయ్యది, బిళ్ళల మ్రోఁత దానికి వెన్నంటి వచ్చునది.

హరిదాసు చిడతలు ఇంచుమించు జానెఁడు పొడవుగల రెండు చెక్కలు. ఒండొంటిని దాఁకు మొగములు చదునుగాను, వెలిభాగములు గుండ్రముగాను ఉండును. చెక్కలలోఁ దొలిచిన సందులయందు బిళ్ళలు సీలలకు వదులుగాఁ గూర్పఁబడును. వీపున ఉంగరములుండును. ఒకదాని యుంగరమున బొటనవ్రేలిని, రెండవదానియందుఁ దక్కిన వ్రేళ్ళలో నొకదానిని జొనిపి, పిడికిలి విచ్చుచు ముడుచుచు వాయింతురు. ముడిచినపుడు దెబ్బ, విదలించినపుడు గలగల.

ఈ రెండు ధ్వనుల భేదమే వాదనమునకు మూలము. ఆదితాళమునకు అక్షరములెనిమిది. చేతితో వేయునపుడు ఒకటవ, అయిదవ, ఏడవ యక్షరములందే దెబ్బ వినఁబడును. రెండు, మూడు, నాలుగు వ్రేళ్ళ లెక్కలు. ఆఱును ఎనిమిదియు విసర్జితములు. శాస్త్రమున వీనికి నిశ్శబ్దక్రియలని పేరు. చిడతలు పట్టిన చేతికి వ్రేళ్ళెన్నుటకు వీలులేదు. కావున నా కాలమును మనసున నిలుపుకొనవలయును, లేదా బిళ్ళల గలగలచే నింపవలయును. క్రొత్తగా నేర్చువారు ప్రత్యక్షరమునకును దెబ్బ వేయుదురు. అప్పుడు పాట యుఱుకునే కాని తాళము నిలువదు.

కంచునాదము సాగి మాటను గప్పును. కొయ్యదెబ్బ వెంటనే యాఱిపోవును. కథ చెప్పువానికి మాట ముఖ్యము గదా! మఱియు నొక్కచేయి చాలుటచే రెండవచేయి యభినయమునకు మిగులును. రెండు చేతులు, రెండు కాళ్ళు, శిరస్సు అను నైదింట నైదు తాళములు చూపి పంచముఖిచేఁ బ్రసిద్ధుఁడైన అజ్జాడ ఆదిభట్ల నారాయణదాసు (1864-1945) చేతిలోని వాద్యమిదియే. పరుల మాటకు వంతపాడువానిని ‘చిడతలు వాయించుచున్నాఁడు’ అని లోకము పరిహసించుట వింత. హరికథలో వానిని వాయించువాఁడే ప్రధానుఁడు.

తెలంగాణమున వీనిని చిరుతలందురు. చిఱుత శబ్దమునకు అల్పార్థముండుటచేఁ జిన్నచెక్కలకు ఆ పేరు వచ్చెననుట యింపుగానే యున్నది; శబ్దసామ్యమొక్కటే చాలునా? అచటి చిరుతల రామాయణమున వాయించువాఁడొక్కఁడు గాఁడు. గ్రామస్థులు గురువునొద్ద నేర్చి, వలయముగాఁ దిరుగుచు, పాడుచు, అందఱు నొక్కమాఱు దెబ్బ వేయుదురు. ఒకని తప్పు అందఱికిని వినఁబడును. రాయలసీమ చెక్కభజనయు నిట్టిదియే.

ఈ పాటలను గాగితముపై నెక్కించు పండితులు దెబ్బల తావులను విడిచి పదములను మాత్రమే వ్రాసికొన్నచో, కొన్ని పాదములు మాత్రలు కొఱవడినట్లు కనఁబడును. వానిని దిద్దఁబూని ‘ఓయి’, ‘గదా’ యని చేర్చుటయుఁ గలదు. ఆ కొఱఁతను చిడతయే పూరించుచుండును. చేర్చిన యక్షరము దెబ్బపడు చోట నడ్డుపడఁగా, పాడువాఁడు దానిని మ్రింగివేయును.