పసిపిల్లల్లో ద్వినేత్ర దృష్టి - తొలి ఆరు నెలలే కీలకం

శిశువు రెండు కళ్ళతో జన్మించినప్పటికీ, ఆ రెండూ కలిసి ఒకే దృశ్యాన్ని చూసే సామర్థ్యం పుట్టుకతో రాదు. ద్వినేత్ర దృష్టి, దానివల్ల కలిగే లోతు, దూరాల గ్రహణశక్తి జన్మించిన కొద్ది నెలలకు మెదడులో రూపుదిద్దుకుంటాయి.

కళ్ళ నడుమ కొద్దిపాటి ఎడం ఉన్నందున ఒకే వస్తువు రెండు కళ్ళకూ స్వల్ప తేడాతో కనిపిస్తుంది. ఆ తేడాను బట్టి వస్తువు ఎంత దూరంలో ఉన్నదీ మెదడు గ్రహిస్తుంది. ఇందుకు రెండు చూపులూ ఒకేచోట నిలవాలి. తొలి రెండు, మూడు నెలల్లో ఈ పొందిక పూర్తిగా కుదరదు. అప్పుడప్పుడు ఒక కన్ను పక్కకు తొలగినట్లు కనిపించడం సహజమే. మూడు నుంచి అయిదు నెలల మధ్య అత్యధిక శిశువులలో ఈ శక్తి వేగంగా వికసిస్తుంది.

లోతును గుర్తించడం వేరు, లోతుకు భయపడటం వేరు. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎలినార్ గిబ్సన్, రిచర్డ్ వాక్ 1960లో ప్రకటించిన ప్రయోగంలో, గాజుపలక కింద లోతుగా కనిపించిన వైపునకు పాకే వయసు పిల్లలలో అత్యధికులు తల్లి పిలిచినా వెళ్ళలేదు. పాకడం రాని పసివారు మాత్రం ఆ తేడాను గమనించినా భయం చూపలేదని తదుపరి పరిశోధనలలో వెల్లడైంది. మంచంపై శిశువును ఒంటరిగా వదలరాదనడానికి ఇదీ ఒక కారణం.

ఈ తొలిదశలో ఒక కంటికి దృశ్యం సరిగా అందకపోతే మెదడు ఆ కంటిని క్రమంగా విస్మరిస్తుంది. పిల్లికూనలకు ఒక కన్ను కొంతకాలం మూసి తెరిస్తే, కన్ను ఆరోగ్యంగానే ఉన్నా మెదడు కణాలు దానికి స్పందించడం మానివేశాయని డేవిడ్ హ్యూబెల్, టోర్‌స్టెన్ వీసెల్ 1960వ దశకంలో నిరూపించారు. ఎదిగిన పిల్లులలో ఇటువంటి నష్టం కనిపించలేదు. దృష్టి వ్యవస్థపై పరిశోధనలకు గాను వీరికి 1981లో నోబెల్ బహుమతి లభించింది.

మెల్లకన్ను అదృష్టమన్న నమ్మకం మన పల్లెల్లోనే కాదు, పట్టణాలలోనూ ఉన్నది. నాలుగు నెలలు దాటిన తర్వాత కూడా మెల్ల కొనసాగితే అది అదృష్టమూ కాదు, దానంతటదే పోతుందని వేచి ఉండదగినదీ కాదు. అశ్రద్ధ చేస్తే ఆ కన్ను 'సోమరి కన్ను'గా మారవచ్చు. మంచి కంటికి కొన్ని గంటలు ప్యాచ్ వేసి బలహీనమైన కంటికి పని కల్పించే చికిత్స చిన్న వయసులోనే ఎక్కువ ఫలితమిస్తుంది. చూపు కొంత మెరుగుపడినా, చేజారిన లోతు గ్రహణశక్తిని తిరిగి పొందడం కష్టం.

ముక్కుదూలం వెడల్పుగా ఉన్న పిల్లలలో మెల్ల లేకపోయినా ఉన్నట్లు భ్రమ కలుగుతుంది. టార్చి వెలుగు చుక్క రెండు కంటిపాపల్లోనూ ఒకేచోట మెరిస్తే సాధారణంగా ఆందోళన అవసరం లేదు. కంటిపాపలో తెల్లని మెరుపు కనిపిస్తే మాత్రం శుక్లం గానీ, కంటి కేన్సర్ గానీ కావచ్చు గనుక జాప్యం లేకుండా నేత్ర వైద్యునికి చూపించాలి.

పద్నాలుగవ వారం టీకాల సమయం సరిగ్గా ద్వినేత్ర దృష్టి వికసించే సమయమే. ఆ రోజున ఏఎన్ఎం, ఆశా కార్యకర్తలు బిడ్డ కళ్ళను కూడా పరిశీలించడం ప్రయోజనకరం. అనుమానమున్న శిశువులను 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపవచ్చు. 34 వారాలకు ముందు పుట్టినవారు, రెండు కిలోలలోపు బరువున్నవారి విషయంలో అంతవరకూ ఆగరాదు. పుట్టిన 30 రోజులలోపే రెటీనా పరీక్ష జరగాలి.