పంచాయితీ వేరు, కౌన్సెలింగు వేరు: అపోహలు – వాస్తవాలు

హిమాయత్‌సాగరు జలాశయమునకు చేరువలో నున్న కొత్వాల్‌గూడ మొదలగు శంషాబాదు పల్లెలలో, ఆలుమగల నడుమ మాట పట్టింపు ముదిరినప్పుడు పెద్దమనుషులను పిలిచి పంచాయితీ పెట్టుట తరతరాల వాడుక. 2008 మార్చిలో విమానాశ్రయము ఇచ్చట తెరువబడిన పిదప, సామాను ఎత్తువారికిని, క్యాబులు నడుపువారికిని, భద్రతా సిబ్బందికిని రేయింబవళ్ల షిఫ్టులు వచ్చి, భర్త డ్యూటీ దిగివచ్చు వేళకు భార్య డ్యూటీ కెక్కు కాపురములు ఏర్పడినవి. పెద్దమనుషులు దొరకిన నాడు దంపతులు దొరకరు, దంపతులు దొరకిన నాడు పెద్దమనుషులు దొరకరు. ఆ ఖాళీలోనికి కౌన్సెలింగు అను వృత్తి ప్రవేశించుచున్నది. అయితే జనులలో పెక్కుమంది దానిని కుర్చీలు వేసి ఫ్యాను క్రింద జరుపు పంచాయితీగానే ఎంచుచున్నారు. ఆ వృత్తి చేపట్టిన వారిలో కొందరును అట్లే ఎంచుట మరింత చింతింపదగిన విషయము.

అపోహ: “ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి నాలుగు మంచిమాటలు చెబితే అదే సర్దుకుంటది.”

వాస్తవము: ఎదురెదురుగా కూర్చోబెట్టవచ్చునా, కూడదా అని తేల్చుకొనుటయే కౌన్సెలరు నేర్వవలసిన మొదటి విద్య. అందుచేత శిక్షణ గలవారు ఒకమారు ఇద్దరినీ కలిసి చూచినను, పిదప ఒక్కొక్కరిని వేరుగా, రెండవవారికి మాట వినబడని గదిలో కలిసికొని, కొట్టుట, బెదరించుట, జీతము లాగికొనుట, ఫోను తనిఖీ చేయుట, పుట్టింటికి పోనీయకుండుట వంటివి జరుగుచున్నవా యని విడివిడిగా అడుగుదురు. “మీ ఇంట్లో హింస ఉన్నదా?” అన్న ప్రశ్న ఇచ్చట నిష్ప్రయోజనము. 2019–21 నాటి ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఏదో యొక కారణమునకు భర్త భార్యను కొట్టుట న్యాయమేనని తెలంగాణ స్త్రీలలో నూటికి 84 మంది చొప్పున పలికిరి; న్యాయమని తాను నమ్మినదానిని ఏ ఇల్లాలు హింస యని చెప్పును? “కోపము వచ్చినప్పుడు ఆయన ఏమి చేస్తడు? కడపటిసారి ఏమైంది? అప్పుడు పిల్లలెక్కడున్నరు?” అని జరిగిన పనులను గూర్చి అడిగిననే సత్యము వెలికి వచ్చును.

కలహములో ఇరువురును అదుపు తప్పి చేయిచేసికొనుట యొకటి. ఒకరు రెండవవారిని నిత్యభయములో నుంచి వారి రాకపోకలను, ధనమును, మాటను గుప్పిట పెట్టుకొనుట వేరొకటి. ఈ భేదమును అమెరికా సామాజిక శాస్త్రజ్ఞుడు మైఖేల్ జాన్సన్ 1995లో స్పష్టపరచెను. రెండవ తెగ కాపురములో ఉమ్మడి కౌన్సెలింగు మేలు చేయకపోగా కీడే తెచ్చును, ఏలయన గదిలో భార్య చెప్పిన నిజమునకు శిక్ష ఇంటికి పోయిన పిదప పడును. అట్టి చోట ఉమ్మడి సమావేశమును విరమించి, ఏ నంబరునకు ఫోను చేసిన ప్రమాదము లేదో, రాత్రి వేళ బయటపడవలసివచ్చినచో ఎవరి ఇంటికి పోవచ్చునో, ఆధారు కాగితములు ఎచ్చట దాచవలెనో ఆమెతో కలిసి ఆలోచింపవలెను. 2005 నాటి గృహహింస చట్టము 14వ సెక్షను సహితము కౌన్సెలింగును ఒంటరిగా గాని కలిపి గాని జరుపవచ్చునని చెప్పినదే తప్ప, కలిపియే తీరవలెనని చెప్పలేదు. ఆ చట్టము క్రింది 2006 నాటి నియమములు మరియొక అడుగు ముందుకు వేసి, తాను చేసిన హింసకు సమర్థన చెప్పుకొనుటకు ప్రతివాదికి కౌన్సెలింగులో తావు లేదనియు, ఆ సంగతిని కౌన్సెలింగు మొదలిడుటకు ముందే అతనికి తెలుపవలెననియు విధించినవి. తటస్థుడనని చెప్పుకొనుచు “ఆమె నోరు కూడా తక్కువది కాదు” అను కౌన్సెలరు ఈ నియమమును చదువని వాడు.

అపోహ: “కాపురము నిలబెడితేనే కౌన్సెలింగు ఫలించినట్లు.”

వాస్తవము: గమ్యమును నిర్ణయించువారు దంపతులు. సియాటిల్ నగరమున జంటలను ఏండ్ల తరబడి పరిశీలించిన జాన్ గాట్‌మన్ చెప్పిన దాని ప్రకారము, దంపతుల విభేదములలో సుమారు మూడింట రెండు వంతులు ఎన్నటికిని తీరవు. కావున తగవు తీర్చుట కంటె, తీరని తగవును తిరస్కార మనెడి విషము కలియకుండ మాటలాడుకొనుట నేర్పుటయే సాధ్యమైన పని. గొంతులు పెరిగి గుండె వడివడిగా కొట్టుకొనునప్పుడు వాదమును ఆపించి, ఇరువది నిమిషములు ఎడమిచ్చి, మరల ఒకరు చెప్పగా రెండవవారు విన్నది విన్నట్లు తిరిగి చెప్పునట్లు చేయుట ఇందలి పనితనము. అమెరికాలో క్రిస్టెన్సన్, జాకబ్‌సన్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞులు దంపతుల కౌన్సెలింగును గూర్చి 134 జంటలపై జరిపిన సుప్రసిద్ధ పరీక్షలో, ఐదేండ్ల పిదప దాదాపు సగము జంటలే చెప్పుకోదగిన మెరుగును నిలుపుకొన్నవి. తీవ్రహింస గల జంటలను ఆ పరీక్షలోనికి మొదలే తీసికొనలేదు! మంచి ఫలితములను చూపి హింసగల ఇంటికి సైతము అదే మందు వ్రాయువారు ఈ షరతును మరచుచుందురు.

అపోహ: “ఇంటి గుట్టు తెలిసిన చుట్టమే మంచి కౌన్సెలరు.”

వాస్తవము: పైన చెప్పిన 2006 నాటి గృహహింస నియమములు సాధారణముగా కక్షిదారుల బంధువును కౌన్సెలరుగా నియమింపరాదని నిషేధించుచున్నవి. కారణము తెలియగోరువారు, ఆంధ్రప్రదేశ్ హైకోర్టు మీదుగా సుప్రీంకోర్టునకు చేరి 2013 ఫిబ్రవరిలో తీర్పు వచ్చిన ఒక వివాదమును చూడవలెను. 1999 ఏప్రిలులో పెండ్లి జరిగిన కొద్ది దినములకే ఉభయపక్షముల పెద్దలు కలహించగా, కాపురమే మొదలుపెట్టని వధూవరులు విడిపోయి, పదునాలుగేండ్లు కోర్టుల చుట్టు తిరిగిరి. అట్టి తగవులను తొలిదశలోనే మధ్యవర్తిత్వమునకు పంపవలెనని ఆ తీర్పులోనే న్యాయస్థానము కుటుంబ న్యాయస్థానములను ఆదేశించెను. పెద్దలు చెడ్డవారని నా భావము కాదు. వారికి ఆ పెండ్లిలో సొంత పరువు చిక్కుకొని యుండును.

అపోహ: “కౌన్సెలరుతో చెప్పినది ఎన్నటికీ గడప దాటదు.”

వాస్తవము: గోప్యతకు హద్దులు కలవు, వానిని మొదటి దినముననే చెప్పవలెను. పిల్లలపై లైంగిక అత్యాచారము తెలియవచ్చినచో 2012 నాటి పోక్సో చట్టము 19వ సెక్షను ప్రకారము పోలీసులకు తెలుపక తప్పదు. ఒంటరిగా చెప్పిన రహస్యమును, వివాహేతర సంబంధము వంటి దానిని, రెండవవారి కడ దాచవలెనా వలదా యను నియమము కూడ ముందే ఇరువురికి తెలిసి యుండవలెను. లేనిచో కౌన్సెలరు తానే ఆ రహస్యమున భాగస్వామి యగును.

ఇక మాటకారితనమే చాలునను అపోహకు దీర్ఘమైన జవాబు అక్కరలేదు. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్యవృత్తుల చట్టము కౌన్సెలరులను సైతము తన పరిధిలోనికి తెచ్చినది. చదువు ఏమిటి, ఎవరి పర్యవేక్షణలో పని నేర్చితిరి, మీ వల్ల కాని కేసును ఎవరికి పంపుదురు అని అడుగుటకు దంపతులు మొగమాట పడనక్కరలేదు. మూడవ ప్రశ్నకు జవాబు చెప్పలేనివానిని విడిచి మరియొకరిని వెదకుకొనవచ్చును. ప్రాణభయము గలచోట మాత్రము కౌన్సెలరు కొరకు వేచియుండక 112కు గాని, మహిళా సహాయవాణి 181కి గాని ఫోను చేయవలెను.