దూరంగా నిలబడితేనే బాగా కనిపిస్తుంది!



ఈ చలికాలం సెలవుల్లో కాకినాడ వైపు వెళ్తున్నారా? కోరింగ మడ అడవులు చూసి తిరిగొచ్చేయకండి. గోదావరి సముద్రంలో కలిసే ఆ ప్రాంతంలోని ఇసుక తిన్నెల మీద చలికాలంలో ఒక అరుదైన పక్షి వాలుతుంది. దాని పేరు ఇండియన్ స్కిమ్మర్. ప్రపంచంలో అంతరించిపోయే ముప్పున్న పక్షుల్లో ఇదీ ఒకటి.

ఎలా గుర్తుపట్టాలి?

నెత్తి, రెక్కల పైభాగం నలుపు. మెడ, పొట్ట తెలుపు. ముక్కు నారింజ రంగు, కొన పసుపు. విచిత్రం ఏమిటంటే, పై ముక్కు కంటే కింది ముక్కు పొడవు! ఎందుకో ముందు మీ చిన్నారిని ఊహించమనండి. ఈ పక్షి నీటిని ఆనుకుని ఎగురుతూ, నోరు తెరిచి, కింది ముక్కుతో నీటిని కోసుకుంటూ పోతుంది. చేప తగలగానే ముక్కు టక్కున మూసుకుంటుంది.

చుట్టుపక్కల బురద నేలల్లో ఉల్లంకి పిట్టలు, వంకర ముక్కు కర్ల్యూలు, సైబీరియా నుంచి వచ్చే గ్రేట్ నాట్‌లు కూడా కనిపించవచ్చు.

ఎందుకు దగ్గరికి వెళ్లకూడదు?

ఆటు సమయంలో బురద బయటపడినప్పుడు ఉల్లంకులు, నాట్‌లు మేత మేస్తాయి. పోటు వచ్చాక గట్టున గుంపుగా సేద తీరతాయి. ఫొటో కోసం మనం పరుగెత్తితే గుంపంతా లేచిపోతుంది. ఒక్కసారికి ఏమవుతుందిలే అనిపిస్తుంది. కానీ వచ్చిన ప్రతివారూ అలాగే లేపితే, వేల కిలోమీటర్ల తిరుగు ప్రయాణానికి దాచుకోవలసిన శక్తి అక్కడే ఖర్చయిపోతుంది.

మీరు చేయగలిగినవి

• బయలుదేరే ముందు ఆటుపోట్ల వేళలు చూసుకోండి.
• ఎండ మీ వీపు వైపు ఉండేలా నిలబడండి. బైనాక్యులర్ ఉంటే చాలు.
• పక్షులు తలెత్తి చూస్తే ఆగండి. నడక మొదలుపెడితే రెండడుగులు వెనక్కి వేయండి.
• రంగు, ముక్కు, చేస్తున్న పని: ఈ మూడూ పిల్లలతో నోట్‌బుక్‌లో రాయించండి. పేరు తర్వాత వెతుక్కోవచ్చు.

కాకినాడ వెళ్లే వీలు లేకపోయినా ఫర్వాలేదు. ఫిబ్రవరిలో నాలుగు రోజులు జరిగే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్‌లో ఎవరైనా పాల్గొనవచ్చు. మేడ మీద పదిహేను నిమిషాలు కూర్చుని గోరింకలు, చిలుకలు, పావురాలు ఎన్నో లెక్కపెడితే చాలు. ఆ పదిహేను నిమిషాలూ ఫోన్ పక్కన పెట్టి మీరూ పిల్లల పక్కన కూర్చోండి. కదలకుండా చూడటం పిల్లలు నేర్చుకునేది మిమ్మల్ని చూసే!